కొత్త రెఫరీని ఒంటరిగా గ్రౌండ్‌లోకి తోలకండి

సంపాదకుడు గారికి నమస్కారం.

కోతలయ్యి పొలాలు ఖాళీ అయ్యేసరికి మా ఒడిశా సరిహద్దు ఊళ్ళలో పిల్లల ఫుట్‌బాల్ ఊపందుకుంటుంది. గుణుపూర్, కాశీనగర్, పర్లాకిమిడి, ఇటు రాయగడ వైపు ఎక్కడ చూసినా ఆదివారం పొద్దున్నే ఎవరో ఒకరు సున్నం డబ్బా పట్టుకుని గీతలు గీస్తూ కనిపిస్తారు. కొత్తూరు నుంచో పాతపట్నం నుంచో ఆంధ్రా పిల్లలు కూడా ఆటోలు మాట్లాడుకుని వచ్చేస్తారు. బంతులకి లోటు లేదు, జెర్సీలు ఏ షాపాయనో కొనిపెడుతున్నాడు, కప్పులిచ్చే దాతలూ ఉన్నారు. లోటల్లా రెఫరీలకే. ఈ ఉత్తరం అందుకే రాస్తున్నాను. మీ పత్రిక మా ఊళ్ళకీ వస్తుంది, పోటీలు పెట్టే కుర్రాళ్ళూ పెద్దలూ చదువుతారు, వాళ్ళకి ఈ మాట చేరాలని నా తాపత్రయం.

నేను స్కూల్లో పి.ఇ.టి.గా చేసి రిటైరైన మనిషిని. ఇప్పటికీ పిల్లల మ్యాచ్‌లకి విజిల్ పట్టుకుని వెళ్తూనే ఉన్నాను. నేను చూస్తున్నదేంటంటే, రెఫరీ చేస్తామని ముందుకొచ్చేవాళ్ళు మనకి తక్కువేం కాదు. డిగ్రీ చదివే కుర్రాళ్ళు, ఐటీఐ పిల్లలు, స్కూల్ టీమ్‌లో ఆడి చదువు కోసం మానేసిన ఆడపిల్లలు, ఎవరూ పైసా ఇవ్వకపోయినా వస్తామంటారు. వస్తారు, రెండు మూడు మ్యాచ్‌లు చేస్తారు, ఆ తర్వాత ఫోన్ ఎత్తరు. మనవాళ్ళు వెంటనే "ఈ కాలం పిల్లలకి ఓపిక లేదండీ" అనేస్తారు. నేనొప్పుకోను. ఓపిక లేనిది పెద్దలకి. విజిల్ చేతిలో పెట్టి, "నువ్వు చూసుకో బాబూ" అని లోపలికి తోలేసి, షామియానా కింద కుర్చీల్లో కూర్చుంటున్నారు.

పోయిన సీజన్‌లో జరిగింది చెప్తాను. ఏ ఊరో, ఎవరు పెట్టిన పోటీయో అనవసరం. పన్నెండేళ్ళలోపు పిల్లల మ్యాచ్. రెఫరీ డిగ్రీ రెండో ఏడు చదివే కుర్రాడు, బక్కగా ఉంటాడు, ఆట బాగా తెలిసినవాడు. గోలు ముందు గుంపులో బంతి ఎగిరొచ్చి ఒక పిల్లాడి మోచేతికి తగిలింది. చెయ్యి ఒంటికి ఆనించుకునే ఉన్నాడు పిల్లాడు. మన కుర్రాడు రెండు చేతులూ ముందుకు చాపి "ఆడండి, ఆడండి" అన్నాడు. కరెక్టే. చేతికి తగిలిన ప్రతిదీ హ్యాండ్ కాదు. కావాలని చేత్తో ఆడితే తప్పు, చెయ్యి ఒంటికి దూరంగా చాపి అనవసరంగా అడ్డం పెడితే తప్పు, గోలు కొట్టేవాడి చేతికి తగిలి నేరుగా గోలైపోతే తప్పు. కానీ గీత అవతల నిలబడ్డ జనానికి ఇదంతా ఎవరు చెప్పారు? "హ్యాండ్, హ్యాండ్" అని ఒకటే అరుపు. ఒక తండ్రి సున్నం గీత దాటి లోపలికొచ్చేశాడు, వీడియో తీశాడట, "ఏటయ్యా, కళ్ళు కనిపించట్లేదేటి నీకు, ఇది చూడు" అంటూ ఫోను తీసుకెళ్ళి ఆ కుర్రాడి మొహం ముందు పెట్టాడు.

నేను అవతలి గోలు వెనకాల మా పాత స్కూలు పిల్లలతో ఉన్నాను. అక్కడినుంచి పరిగెత్తి వచ్చేసరికి ముందు నా కళ్ళు ఆ కుర్రాడి చేతి మీద పడ్డాయి. విజిల్‌ని గుప్పిట్లో బిగించేశాడు, దాని తాడు వేళ్ళ సందులోంచి మెలిపడి వేలాడుతోంది, పెదాలు కదుల్తున్నాయి, మాట రావట్లేదు. చుట్టూ పిల్లలందరూ అతని మొహంలోకే చూస్తున్నారు. వేదిక మీద కూర్చున్న ఒక్క పెద్దమనిషీ లేవలేదు. ఆ తండ్రికి ఏదోలా నచ్చజెప్పి బయటికి పంపించాం, ఆట మళ్ళీ మొదలైంది, కానీ ఆ కుర్రాడు ఇంక విజిల్ ఊదడం మానేశాడు. కళ్ళ ముందు కాలికి కాలు అడ్డం పెడుతున్నా ఊదడు, ఊదితే మళ్ళీ ఎవరు మీదికొస్తారో అని. రెఫరీ ఊదట్లేదని పిల్లలకి ఇట్టే తెలిసిపోతుంది. ఆట మొరటుగా తయారైంది, చివరికి ఒక చిన్నవాడు చీలమండ పట్టుకుని కూలబడ్డాడు, వాళ్ళన్నయ్య వచ్చి భుజాన వేసుకుని తీసుకెళ్ళాడు. మ్యాచ్ అయ్యాక ఆ కుర్రాడు విజిలూ కార్డులూ బల్ల మీద పెట్టేసి, ఎవరితోనూ మాట్లాడకుండా సైకిలెక్కి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

నేనడిగేది ఒక్కటే. కొత్త రెఫరీ చేసే మొదటి అయిదారు మ్యాచ్‌లకి అనుభవమున్న రెఫరీ ఒకరు పక్కన ఉండాలి. పెద్ద ఖర్చు లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. రైతు కొత్త ఎద్దుని కాడికి అలవాటు చేసేటప్పుడు జతగా పాత ఎద్దుని కడతాడు. పిల్లల ఆట దగ్గరికొచ్చేసరికి మనకి ఆ ఇంగితం ఎందుకు ఉండట్లేదో నాకర్థం కాదు.

మా మేనల్లుడు అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. వాళ్ళమ్మాయి ఆడుతుంది కాబట్టి వాడూ శనివారాలు పసుపు చొక్కా వేసుకుని పిల్లల మ్యాచ్‌లకి రెఫరీగా వెళ్తున్నాడు, డబ్బులేం లేవు, వాలంటీరే. అక్కడ 1964లో కాలిఫోర్నియాలోని టొరెన్స్‌లో తొమ్మిది జట్లతో మొదలైన అమెరికన్ యూత్ సాకర్ ఆర్గనైజేషన్ అనే సంస్థ ఇప్పటికీ తల్లిదండ్రుల మీదే నడుస్తోంది. కోచ్‌లూ వాళ్ళే, రెఫరీలూ వాళ్ళే. వాడికి ముందు ఒక శిక్షణ ఇచ్చారు, తర్వాత మొదటి మ్యాచ్‌లకి ఒక పెద్దాయన వచ్చి గీత పక్కన నిలబడ్డాడట, ఆట మధ్యలో ఒక్క మాట కూడా మాట్లాడకుండా. "మామయ్యా, ఆయన నాకు చేసిన సాయమేంటంటే అక్కడ ఉండడం" అన్నాడు వాడు ఫోన్లో. ఇంకో సంగతి. హెచ్చరించడానికి పసుపు కార్డు, బయటికి పంపడానికి ఎర్ర కార్డు ఉన్నాయి చూశారా, 1970 మెక్సికో ప్రపంచ కప్‌లో మొదటిసారి వచ్చాయి, ఆ ఆలోచన చేసిన కెన్ ఆస్టన్ ఇంగ్లండులో బడిపంతులు. లండన్ రోడ్డు మీద ట్రాఫిక్ లైట్లు చూసి ఆయనకది తట్టింది. ప్రపంచ కప్ మ్యాచ్‌లు చేసిన అంత పెద్ద మనిషి, తర్వాతి కాలంలో ఈ అమెరికా పిల్లల సంస్థలో మామూలు తల్లిదండ్రులకి రెఫరీ పాఠాలు చెప్పాడు. మన దగ్గర జిల్లా స్థాయిలో నాలుగు మ్యాచ్‌లు చేసిన మనిషికి పన్నెండేళ్ళ పిల్లల మ్యాచ్‌కి రావడం నామోషీ.

పక్కన ఉండడం అంటే ఏం చెయ్యాలి అని అడుగుతారు కాబట్టి నాకు తెలిసింది రాస్తాను.

మ్యాచ్‌కి అరగంట ముందే ఇద్దరూ వెళ్ళండి, గ్రౌండ్ చుట్టూ కలిసి నడవండి. మన మైదానాలు మీకు తెలియనివి కావు, పొద్దున దాకా పశువులు మేసి ఉంటాయి, రాత్రి ఎవరో కూర్చుని సీసాలు పగలగొట్టి ఉంటారు, ఒక మూల తుమ్మముళ్ళు. అన్నిటికంటే ముందు గోలు స్తంభాలు ఊపి చూడమని చెప్పండి. ఇనప గొట్టాల గోలు స్తంభాలు తీసుకొచ్చి ఊరికే నేల మీద నిలబెడుతున్నారు, వెనకాల ఇసక మూటలైనా ఉండవు, పిల్లలేమో ఆ అడ్డకర్రకి వేలాడతారు. నేలకి గట్టిగా బిగించని గోలు పిల్లల మీద పడి ప్రాణాలు పోయిన సంఘటనలు చాలా దేశాల్లో ఉన్నాయి. అది బిగించేదాకా ఆట మొదలుపెట్టనని చెప్పే హక్కు రెఫరీకి ఉంది. పంతొమ్మిదేళ్ళ కుర్రాడు సర్పంచ్ గారి ముందు ఆ మాట అనాలంటే పక్కన తలనెరిసినవాడొకడు ఉండాలా వద్దా?

తర్వాత పిల్లల్ని వరసలో నిలబెట్టి చూడాలి. ఫుట్‌బాల్ నిబంధనల పుస్తకంలో నాలుగో నిబంధన ప్రకారం ఒంటి మీద నగలేవీ ఉండకూడదు, పైన టేపు అంటించినా ఒప్పుకోరు. మన పిల్లలకి చేతికి కడియం, చెవికి పోగు, మెడలో తాయెత్తు, మొలకి వెండి బిళ్ళ. కొత్త రెఫరీ "తీసెయ్" అని గట్టిగా అంటాడు, పిల్లాడు ఏడుపు మొహం పెడతాడు, వాళ్ళమ్మ వచ్చి "జ్వరమొస్తే కట్టించాం బాబూ, తియ్యకూడదు" అంటుంది, అక్కడితో మొదలవుతుంది గొడవ. నేనైతే ఏం చేస్తానంటే పిల్లాడి ముందు కూర్చుని, వాడి చేత్తోనే విప్పించి, వాళ్ళమ్మ చేతికిప్పించి, "అమ్మా, ఆట అయ్యేదాకా నీ కొంగున కట్టుకో, గీత పక్కనే ఉండు" అంటాను. ఆ తల్లికి తాయెత్తు దూరమైనట్టుండదు, ఇంకో పిల్లాడి కన్నుకి అది తగలదు. ఇలాంటివి నిబంధనల పుస్తకంలో ఉండవండీ, ఎవరో ఒకరు చేస్తుంటే చూసి నేర్చుకోవాలి. కొత్తవాళ్ళకి చూసే అవకాశమే ఇవ్వకపోతే ఎలా వస్తుంది?

విజిల్ సంగతి. కొత్తవాళ్ళందరూ మెల్లగా ఊదుతారు, తప్పు చేసినట్టు. మ్యాచ్‌కి ముందు ఊరి బయటికి తీసుకెళ్ళి గట్టిగా ఊదించండి, ఫౌల్‌కి ఒకలా, పెనాల్టీకి ఒకలా, ఆట అయిపోయినప్పుడు ఒకలా. రెండోది, విజిల్ నోట్లో పెట్టుకుని పరిగెత్తొద్దని చెప్పండి. చేతిలో ఉంటే నోటి దాకా తీసుకెళ్ళడానికి ఒక క్షణం పడుతుంది, ఆ క్షణంలోనే తెలుస్తుంది ఫౌల్ ఊదాలా, అడ్వాంటేజ్ ఇచ్చి ఆట సాగనివ్వాలా అన్నది. నోట్లో ఉంటే జనం అరుపుకే ఊదేస్తారు. మూడోది ఎక్కడ నిలబడాలన్నది. కొత్తవాళ్ళు మధ్య గుండ్రంలోనే ఉండిపోతారు, లేకపోతే బంతి వెనకాలే పిల్లలతో పాటు పరిగెడతారు. ఒక మూల నుంచి ఎదురు మూలకి ఐమూలగా తిరగాలని, బంతి తనకీ లైన్‌మన్‌కీ మధ్య ఉండేలా చూసుకోవాలని, కట్టెపుల్లతో నేల మీద గీసి చూపిస్తే అయిదు నిమిషాల పని. మన పిల్లల మ్యాచ్‌లకి అసలు లైన్‌మన్లు ఎక్కడ, రెండు జట్ల నుంచి చెరొక పెద్దవాళ్ళని తీసుకుని జెండా ఇస్తాం. వాళ్ళకి బంతి గీత దాటిందా లేదా అన్నదొక్కటే అప్పజెప్పండి, ఆఫ్‌సైడ్, అంటే బంతి అందించేసరికే ఎవరైనా అవతలి గోలు వైపు మరీ ముందుకెళ్ళి నిలబడ్డారా అన్నది, వాళ్ళ చేతికిచ్చారా, ఇంక ఆ రోజు ఆట జరిగినట్టే.

ఆట నడుస్తుంటే మాత్రం పెద్ద రెఫరీ నోరు మెదపకూడదు. ఇది చాలామందికి కష్టం, నాకు తెలుసు. గీత పక్కనుంచి "ఒరే, అది కార్నరు", "ఇవ్వు ఇవ్వు, ఫౌలు" అని అరిచే మాస్టార్లు ఉన్నారు, చేతిలోంచి విజిల్ లాక్కుని తామే ఊదేసినవాళ్ళనీ చూశాను. ఒకసారి అలా జరిగితే పిల్లలు ఇంక ఆ కొత్త రెఫరీ వైపు చూడరు, ప్రతిదానికీ గీత మీద ఉన్న మాస్టారి వైపే చూస్తారు. త్రో అటు ఇవ్వాల్సింది ఇటు ఇచ్చాడు, పోనివ్వండి. ఆట తిరిగి మొదలయ్యాక రెఫరీ కూడా ఆ నిర్ణయాన్ని మార్చడానికి వీల్లేదని నిబంధనే ఉన్నప్పుడు, బయట నిలబడ్డ మనకెందుకు అంత ఆత్రం? పిల్లలకి దెబ్బ తగిలే ప్రమాదం ఉంటే వెళ్ళండి. మిగతావన్నీ ఆగుతాయి.

హాఫ్‌టైమ్‌లో మంచినీళ్ళ సీసా చేతికిచ్చి ముందు "ఎలా అనిపిస్తోంది?" అని అడగండి, అడిగి ఆగండి. వాళ్ళే చెప్తారు, "మాస్టారూ, ఆ పదో నంబరు కుర్రాడు ఊరికే తోస్తున్నాడు" అనో, "కాళ్ళు వణుకుతున్నాయి" అనో. అప్పుడు ఒక్క విషయం చెప్పండి, ఒక్కటే. నేను ఒక చీటీలో చూసినవన్నీ రాసుకుంటాను, అందులో రెండో హాఫ్‌లో వెంటనే పనికొచ్చేది ఒకటి ఏరి చెప్తాను, మిగతా చీటీ మడిచి జేబులో పెట్టుకుంటాను. తొమ్మిది తప్పులు ఒకేసారి చదివితే రెండో హాఫ్‌లో తొమ్మిదీ తలుచుకుంటూ పదోది చేస్తారు. బాగా చేసినది కూడా వివరంగా చెప్పండి. "బాగా చేశావు" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. "ఆ చిన్నపాప పడిపోయినప్పుడు వెంటనే ఆట ఆపి, దాని పక్కన కూర్చుని మాట్లాడావు చూడు, అది బాగుంది" అంటే మళ్ళీ అదే చేస్తారు.

ఇక జనం. ఫుట్‌బాల్‌లో కోచ్ తిడితే పసుపు కార్డు, ఎర్ర కార్డు చూపించొచ్చని 2019 నుంచీ రూలుంది, అది మన కోచ్‌లకీ తెలీదు, కొత్త రెఫరీలకీ తెలీదు. చూడ్డానికొచ్చిన తల్లిదండ్రులకి కార్డు లేదు, కానీ ఆట ఆపే అధికారం, అవసరమైతే రద్దు చేసే అధికారం రెఫరీకి ఉంది. కుర్రవాళ్ళు ఆ అధికారం వాడాల్సిన పరిస్థితి రాకుండా చూడడం పక్కన నిలబడ్డ పెద్దల పని. ఎవరు ఎక్కువ అరుస్తున్నారో చూసుకుని మెల్లగా వెళ్ళి వాళ్ళ పక్కన నిలబడండి. గొడవ పెట్టుకోవద్దు. "అన్నయ్యా, ఆ రెఫరీ కూడా మన పిల్లల ఈడు వాడే, ఇవాళే మొదటి మ్యాచ్" అనండి. సగం మంది అక్కడే తగ్గిపోతారు, ఎందుకంటే వాళ్ళకి ఆ సంగతి తెలీదు, పసుపు చొక్కా వేసుకుంటే పెద్దవాడే అనుకుంటారు. ఇంగ్లండులో కొన్ని కౌంటీల్లో పద్దెనిమిదేళ్ళలోపు రెఫరీలు చేతికి ఊదారంగు పట్టీ కట్టుకుంటారు, వీళ్ళింకా పిల్లలే అని అందరికీ తెలియడానికి. మనకి గజం గుడ్డ చాలు ఆ పని చెయ్యడానికి. పోటీ మొదలయ్యే ముందు మైకులో అతిథుల పేర్లన్నీ చదువుతారు కదా, అప్పుడే "ఈ పట్టీ కట్టుకున్నవాళ్ళు కొత్త రెఫరీలు, వాళ్ళ మీద నోరు పారేసుకుంటే బయటికి పంపిస్తాం" అని తెలుగులోనూ ఒడియాలోనూ ఒకసారి చదవండి. అమ్మానాన్నల నోటికి తాళం పడాలంటే ఆ మాట పోటీ పెట్టినవాళ్ళ నోట రావాలి, ఆ కుర్రాడి నోట కాదు.

భాష గురించి కూడా అనుకోవాలి. మా గ్రౌండ్‌లో తెలుగు పిల్లలు, ఒడియా పిల్లలు, కొండల మీంచి దిగొచ్చే సవర పిల్లలు అందరూ కలిసి ఆడతారు. సవర పిల్లాడు ఏదో అడుగుతాడు, రెఫరీకి అర్థం కాదు, తిట్టాడేమో అని కార్డు తీస్తాడు, నిజానికి వాడడిగింది బూటు లేసు కట్టుకోనా అని. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠం చెప్పిన పర్లాకిమిడి మనకి పక్కనే ఉంది, సవర పిల్లల కోసం ఆయన వాళ్ళ భాష నేర్చుకున్నారు, మనం నాలుగు మాటలు నేర్చుకోలేమా? కొత్త రెఫరీకి పక్కన పెట్టే మనిషిని ఎంచేటప్పుడు ఆ రోజు ఆడే జట్ల భాష వచ్చినవాళ్ళని ఎంచితే సగం తలనొప్పి పోతుంది.

ఆడపిల్లల విషయం విడిగా చెప్పాలి. 2022లో పదిహేడేళ్ళలోపు ఆడపిల్లల ప్రపంచ కప్‌కి మన దేశం ఆతిథ్యమిచ్చింది, మన జట్టు ఆడింది భువనేశ్వర్ కళింగ స్టేడియంలోనే. అదే ఏడాది డిసెంబరులో మగవాళ్ళ ప్రపంచ కప్‌లో జర్మనీ, కోస్టారికా మ్యాచ్‌కి స్టెఫానీ ఫ్రాపార్ అనే ఫ్రాన్స్ ఆవిడ రెఫరీ చేసింది, అంతకుముందు ఏ ఆడమనిషీ చెయ్యలేదు. గోవా నుంచి ఉవెనా ఫెర్నాండెజ్ గారు అంతర్జాతీయ మ్యాచ్‌లలో జెండా పట్టారు. ఇవన్నీ మన అమ్మాయిలకి తెలుసు, ఫోన్లో చూస్తున్నారు, ఉత్సాహంగా వస్తున్నారు. వచ్చినవాళ్ళకి బట్టలు మార్చుకునే గది లేదు, ఆఖరి మ్యాచ్ చీకటి పడే వేళకి పెడతారు, ఇంటికెలా వెళ్తుందో ఎవరూ అడగరు. ఒక అమ్మాయిని ఒక్కదాన్నే పిలవొద్దు, ఇద్దర్ని పిలవండి, ఒకరు విజిల్, ఒకరు జెండా, తర్వాతి మ్యాచ్‌కి మార్చుకుంటారు. పొద్దుటి మ్యాచ్‌లు ఇవ్వండి. వాళ్ళ నాన్నకో అన్నయ్యకో మీరే ఫోన్ చేసి ఎన్నింటికి అయిపోతుందో చెప్పండి. పక్కనుండే పెద్ద రెఫరీ ఆడవాళ్ళే దొరికితే మరీ మంచిది, స్కూళ్ళలో పనిచేసే పి.ఇ.టి. టీచర్లు, ఒకప్పుడు జిల్లాకి ఆడి పెళ్ళయ్యాక ఆపేసినవాళ్ళు ఉన్నారు, వెళ్ళి అడిగితే కదా వస్తారో రారో తెలిసేది.

మా పాతకాపులకి కూడా ఒక మాట చెప్పాలి, కోపం తెచ్చుకోవద్దు. నేర్పించే ముందు మనం చదవాలి. 2016 నుంచి కిక్ ఆఫ్ వెనక్కి కూడా తన్నొచ్చు. 2019 నుంచి గోల్ కిక్ పెనాల్టీ ఏరియా దాటి బయటికి రానక్కర్లేదు, తన్ని కదిలితే చాలు ఆట మొదలైనట్టే. పెనాల్టీ తన్నేటప్పుడు గోల్‌కీపర్ ఒక్క పాదం గీత మీద ఉంటే సరిపోతుంది. 2025 నుంచి గోల్‌కీపర్ బంతిని చేతుల్లో ఎనిమిది సెకన్లకి మించి పట్టుకుంటే అవతలి జట్టుకి కార్నర్, రెఫరీ ఆఖరి అయిదు సెకన్లూ చెయ్యెత్తి వేళ్ళతో లెక్కపెట్టి చూపించాలి. ఇవి తెలీకుండా, ఇంతకుముందు మనం నేర్చుకున్న ఆరు సెకన్లూ, ఇన్‌డైరెక్ట్ ఫ్రీకిక్కూ పట్టుకుని కొత్త కుర్రాణ్ణి నలుగురిలో తప్పు పడితే, ఒప్పు చేసినవాడికి తప్పు చేశావని చెప్పినట్టవుతుంది. మొత్తం పదిహేడు నిబంధనలు, పుస్తకం ఇంటర్నెట్లో ఉచితం, ఏటా మార్పులు విడిగా ముద్రిస్తారు.

పిల్లల మ్యాచ్‌లకి నిబంధనలు కొంచెం మార్చుకోవచ్చని కూడా చాలామందికి తెలీదు. గ్రౌండ్ చిన్నది చెయ్యొచ్చు, బంతి చిన్నది పెట్టొచ్చు, టైమ్ తగ్గించొచ్చు, బయటికెళ్ళిన పిల్లాడు మళ్ళీ లోపలికి రావొచ్చు. మా మేనల్లుడి ఊళ్ళో ఎనిమిదేళ్ళలోపువాళ్ళు అటు నలుగురు, ఇటు నలుగురే ఆడతారు, ఆఫ్‌సైడే లేదు, పదేళ్ళలోపువాళ్ళు తలతో బంతి కొట్టకూడదు. మనమేమో ఎనిమిదేళ్ళ పిల్లల్ని కూడా పదకొండేసి మందిని పెద్ద గ్రౌండ్‌లో వదిలేసి, ఆ ఇరవైరెండు మందినీ చూసుకొమ్మని ఒక్క కొత్త రెఫరీకి అప్పజెప్తున్నాం. ఏడుగురేసి ఆడించి చూడండి, పిల్లలకి బంతి ఎక్కువ దొరుకుతుంది, రెఫరీకి ఊపిరాడుతుంది. కొత్తవాళ్ళకి మొదటి మ్యాచ్‌లు ఇలాంటివే ఇవ్వాలి, ఫైనల్ కాదు. "మనిషి లేడు, నువ్వే చేసెయ్" అని ఫైనల్‌కి తోసేస్తున్నారు, ఇది దారుణం.

డబ్బు గురించి ఎక్కువ రాయను. వాలంటీర్ అంటే ఎదురు డబ్బులు పెట్టుకుని రమ్మని కాదు. బస్సు ఛార్జీ, టిఫిను, ఎండలో నిలబడినందుకు నాలుగు మజ్జిగ ప్యాకెట్లు. ఒక చొక్కా, ఒక మంచి విజిల్. అతిథులకి కప్పే శాలువాల్లో రెండు తగ్గించుకుంటే ఇవన్నీ వచ్చేస్తాయి. ఆసక్తి నిలబడ్డవాళ్ళకి జిల్లా సంఘం ద్వారా రెఫరీ పరీక్షకి ఎలా వెళ్ళాలో చెప్పండి, దరఖాస్తు నింపి పెట్టండి. 1960 నుంచి నడుస్తున్న సుబ్రతో కప్ లాంటి స్కూలు పోటీల్లో మన పిల్లలు ఆడాలని కలలు కంటున్నాం, అక్కడ విజిల్ పట్టుకునేది కూడా మన సరిహద్దు ఊరి పిల్లే కావొచ్చు కదా.

చివరిగా ఒకటి, అందరూ మర్చిపోయేది. కొత్త రెఫరీ మానెయ్యాలని అనుకునేది గ్రౌండ్‌లో కాదు. ఇంటికెళ్ళాక, రాత్రి. తిన్న తిట్లు గుర్తొస్తాయి, ఇచ్చిన పెనాల్టీ కరెక్టా కాదా అని పడుకోనివ్వదు, ఎవరో గ్రూపులో ఫొటో పెట్టి కింద ఏదో రాసి ఉంటారు, అదీ చూస్తారు. ఆ రాత్రి వాళ్ళతో మాట్లాడే మనిషి ఉండడు, ఇంట్లోవాళ్ళేమో "నీకెందుకురా ఈ గొడవ, చదువుకో" అంటారు. కాబట్టి పక్కన నిలబడ్డవాళ్ళు మర్నాడు పొద్దున్నే ఫోన్ చెయ్యండి, వాళ్ళు చేస్తారని ఆగొద్దు, చెయ్యరు. ముందు రోజు జేబులో మడిచి పెట్టుకున్న చీటీలోంచి ఇంకొక్క విషయం అప్పుడు చెప్పండి. వాళ్ళు మాట్లాడితే వినండి, ఎంతసేపైనా. ఫోన్ పెట్టేసేలోపు వచ్చే ఆదివారం ఏ గ్రౌండ్, ఎన్ని గంటలకి, పక్కన ఎవరుంటారు, ఈ మూడూ వాళ్ళకి తెలిసి ఉండాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పి.ఇ.టి.,
గుణుపూర్, రాయగడ జిల్లా, ఒడిశా